నాలుగొందల తేడా

గ్రీంసుపేటలో, రేకుల షెడ్డు కింద
జిలానీ రెండు డబ్బాలు బల్ల మీద పెట్టినాడు.
ఒకటి మామూలు ఆయిలు, ఇంకోటి సింథటిక్.
"చూసుకో అక్కా, ఏది పొయ్యమంటావు" అని
చేతులు బనియన్‌కి తుడుచుకున్నాడు.
బనియన్ ముందే నల్లగుంది.

నా బండి చిన్నది. వెనక తలుపు మీద
పాత ఓనరు కూతురి పేరు ఇంకా చెరిగిపోలేదు.
మూడు లీటర్లు తాగతాది.
బీడీకట్ట కాయితం చించి రాసినాం:
మామూలుది లీటరు మూడొందల యాభై,
ఫిల్టరు రెండొందలు,
అయిదువేల కిలోమీటర్లకొక తూరి.
సింథటిక్ తొమ్మిదొందలు,
ఫిల్టరు అదే రెండొందలు,
పదివేల దాకా నోరు తెరిచి అడగదంట.
పదివేలకి లెక్క కడితే
రెండున్నర వేలు ఈ పక్క,
మూడువేలకి వంద తక్కువ ఆ పక్క.

తేడా నాలుగొందలు.
ఈ ఏడు క్వింటా తోతాపురి ధర.
మూడు తూర్లు కొట్టిన మందు,
చెట్టెక్కినోడి పొద్దు, కింద గోతం పట్టుకున్నదాని పొద్దు,
నా బాడుగ,
అన్నీ అందులోనే.

"కిలోమీటర్లు నమ్మద్దు" అన్నాడు జిలానీ.

నిజమే. పోయిన నెల జ్యూస్ ఫ్యాక్టరీ గేటు ముందర
రెండు రాత్రులు, నడాన ఒక పగలు.
నా ముందర డెబ్భై ట్రాక్టర్లు.
అరగంటకొక తూరి బండెడు దూరం జరగడం.
బ్యాటరీ వీకు. ఆపితే మళ్ళా లేస్తాదో లేదోనని
ఆపకుండా కూర్చున్నా.
ఈ బండికి ఇంజను సీటు కిందే.
దాని కాక నా నడుముకి తెలస్తానే ఉండింది.
వెనక కాయలు మెత్తబడతా ఉండాయి,
కింద ఆయిలు కాగతా ఉండాది,
మీటరు మాత్రం
ఒక్క అంకె మారలేదు.

డిప్‌స్టిక్ లాగి, కొసన ఉండే చుక్కని
రెండు వేళ్ళ మధ్య రుద్దినాడు,
మా అమ్మ బెల్లంపాకం చూసినట్టు.
తీగ రాలేదు. నీళ్ళు మాదిరి జారింది.
"ఇది చచ్చి నెలయ్యింది అక్కా."

సింథటిక్ అయితే ఆ కాకకి నిలబడేదే గదా అన్నా.
నిలబడేదే అన్నాడు.
"కొత్త బండైతే నేనే బలవంతంగా పోసేవాణ్ణి.
దీనికి సీళ్ళు ఎండిపొయినాయి.
ఇన్నేళ్ళ మడ్డి కరుచుకోబట్టి కారకుండా ఉండాది.
ఇది పోస్తే మడ్డంతా కడిగేస్తాది.
కొన్నిటిని మురికే నిలబెడతాది."

"నీ స్కూటర్‌కి ఏం పోస్తావు?"
నవ్వినాడు.
"అందరి డబ్బాల్లో అడుగున మిగిలింది."

అప్పుడే సెంటరింగ్ మేస్త్రీ చెంగల్రాయుడు
ఖాళీ క్యానుతో వచ్చినాడు.
దిగిన నల్లాయిలంతా ఆయనకే.
పలకలకి పూస్తే సిమెంటు అంటుకోదంట.
రెండు డబ్బాలూ చూసి
"ఇది పోస్తే మళ్ళా ఎప్పుడు దించుతారు?" అనడిగినాడు.
ఏడాదికన్నాడు జిలానీ.
చెంగల్రాయుడు ఏమీ అన్లేదు,
క్యాను మూత తీస్తా, బిగిస్తా నిలబడినాడు.

మా పక్క డబ్బుని లెక్క అంటాం.
లెక్కుండాదా అంటే, జోబీలో ఉండాదా అని.
నా లెక్క నేను చూసుకున్నా.
ఆయన కోసం కాదు, సీళ్ళ కోసం,
మామూలుదే పొయ్యమన్నా.
మిగిలిన నాలుగొందలు మడిచి
డ్యాష్‌బోర్డు గుంతలో, పసుపుకొమ్ము పక్కన పెట్టినా.
వచ్చే జూన్‌లో ఏ గేటు ముందరైనా
రెండు రాత్రులు నిలబడితే
మీటరు ఏం చెప్పినా సరే, దించేస్తా.

కింద బోల్టు విప్పినాడు.
సన్నగా, నల్లగా, ఇంకా వెచ్చగా
ఆ రెండు రాత్రులు తొట్టిలోకి దిగినాయి.
రేపు ఎవరిదో మిద్దె.
పలకలు ఊడదీసేటప్పుడు
గోడకి అంటుకోకుండా వస్తాయి.